మూడాకుల సామెత చాలదు

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న ప్రతి తెలుగు కుటుంబానికీ పాయిజన్ ఐవీ గురించి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. చెప్పేది ఒకటే మాట: మూడాకులుంటే ముట్టుకోకు. పిల్లలు క్యాంపుల్లో ఇదే నేర్చుకొస్తారు, పక్కింటివాళ్ళూ ఇదే చెబుతారు. దానికి మనవాళ్ళు ఇంకో రెండు మాటలు చేర్చుకున్నారు. మామిడితోటల్లో తిరిగినవాళ్ళం, పొలాల్లో కలుపు పీకినవాళ్ళం, మన ఒంటికి ఇదొక లెక్కా అన్నది ఒకటి. మహా అయితే నాలుగు రోజులు దురద పెట్టి పోతుందన్నది రెండోది. ఈ మూడు మాటలూ కలిసి మన ఇళ్ళలో ఒక సిద్ధాంతంలా స్థిరపడిపోయాయి. ఇందులో మొదటి మాట చాలదు, మిగతా రెండూ శుద్ధ తప్పు. ఆ తప్పువల్ల ప్రతి వేసవిలో ఎంతోమంది ఒళ్ళంతా పొక్కులతో, రాత్రిళ్ళు నిద్రలేక, అత్యవసర వైద్యానికి పరుగెత్తుతున్నారు కాబట్టి దీన్ని ఊరికే వదిలేయకూడదు.

అసలు పొరపాటు ఎక్కడుందంటే, మనం ఆకును చూసి భయపడుతున్నాం. భయపడాల్సింది నూనెకు. ఈ మొక్కలో ఉరుషియాల్ అనే జిగురు నూనె ఉంటుంది. ఆకులో, కాడలో, వేరులో, కాయలో, అన్నిటా ఉంటుంది. ఆకు చెక్కుచెదరకుండా ఉన్నంతసేపు లోపలి నాళాల్లోనే దాగి ఉంటుంది. పురుగు కొరికినా, గాలికి చిరిగినా, బూటు కింద నలిగినా బయటికి ఊరుతుంది. చేతికి అంటినప్పుడు మంట పుట్టదు, వాసన రాదు, కంటికి కనబడదు. ఆ చేత్తోనే ఫోను తీస్తాం, కారు స్టీరింగ్ పట్టుకుంటాం, చెమట తుడుచుకుంటాం. నీళ్ళలా ఆవిరైపోయే పదార్థం కాదది. మొక్కలు కత్తిరించే కత్తెర మీద, చేతి తొడుగుల మీద, బూట్ల లేసుల మీద నెలలు, ఒక్కోసారి ఏళ్ళ తరబడి నిలిచి ఉంటుంది.

ఇప్పుడు మూడాకుల సామెతను దీని పక్కన పెట్టి చూడండి. పొదలోకి దూరి వచ్చిన కుక్కను ఒళ్ళో కూర్చోబెట్టుకున్న పిల్లకు ముంజేతుల నిండా పొక్కులు వచ్చాయి. ఆ పిల్ల ఏ ఆకునూ ముట్టుకోలేదు. కుక్కకు బొచ్చు అడ్డం కాబట్టి దానికి ఏమీ కాలేదు. నిరుడు వాడిన తొడుగులు ఈ ఏడు తొడుక్కున్న మనిషికి మణికట్టు దగ్గర దద్దుర్లు లేచాయి. ఆయనా ఏ ఆకూ చూడలేదు. ఆకు కనబడని చోట ఆకుల లెక్క ఏం పనికొస్తుంది?

ఆకు కనబడిన చోటైనా ఆ లెక్క పూర్తిగా పనికిరాదు, ముఖ్యంగా మనకు. మూడాకులను చూసి అనుమానించే అలవాటు తెలుగువాళ్ళకు లేదు. శివుడికి పెట్టే మారేడు దళం మూడాకులే. విస్తళ్ళు కుట్టే మోదుగ మూడాకులే. కంది, పెసర, ఉలవ, అలసంద అన్నీ మూడాకులే. మన పెరళ్ళలో కంచె మీదికి పాకించే చిక్కుడు పాదు కూడా అంతే. ఆ కంచె అవతల చెట్లుంటే, పిట్ట తిని విసర్జించిన గింజ మొలిచి, అదే కంచె మీదికి పాయిజన్ ఐవీ పాకుతుంది. చిక్కుడుకాయలు కోసే చేయి దాని మీద పడటానికి ఎంతసేపు పడుతుంది?

కాబట్టి లెక్కపెట్టడంతో ఆగకండి, కాస్త వంగి చూడండి. మూడింటిలో మధ్య రెబ్బకు పొడవాటి కాడ ఉంటుంది. పక్క రెండు రెబ్బలకు కాడ ఉందా లేదా అన్నట్టు ఉంటుంది, దాదాపు ఈనెకే అతుక్కుని ఉంటాయి. పక్క రెబ్బల రెండు సగాలూ సమానంగా ఉండవు. బయటివైపు సగం వెడల్పుగా ఉండి, చాలాసార్లు అక్కడొక గంటు పడి, బొటనవేలు విడిగా ఉన్న చేతి తొడుగులా కనిపిస్తుంది. అంచులు ఒక్కో మొక్కకు ఒక్కో రకం: ఒకచోట నున్నగా, ఇంకోచోట రంపపు పళ్ళలా. వసంతంలో లేత ఆకు ఎర్రగా మెరుస్తుంది, వేసవిలో పచ్చబడుతుంది, శరత్తులో మళ్ళీ ఎర్రబడుతుంది. ముళ్ళు ఉండవు, కాబట్టి ముళ్ళుంటే అది ఏ బ్లాక్‌బెర్రీయో అనుకోవచ్చు. ఆకులు కొమ్మ మీద ఒకటి తర్వాత ఒకటి మారుతూ వస్తాయి. ఎదురెదురుగా జంటలుగా ఉంటే అది చాలావరకు బాక్స్ ఎల్డర్ అనే మేపుల్ జాతి మొలక. అయిదు రెబ్బలుంటే వర్జీనియా క్రీపర్. ఇక చిక్కుడుతో తేడా కావాలంటే తీగను చూడండి. చిక్కుడు తీగ ఆధారం చుట్టూ మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. పాయిజన్ ఐవీ మెలికలు తిరగదు. సన్నటి వేళ్ళు పుట్టించుకుని కర్రకు, చెట్టుకు అతుక్కుని నిటారుగా ఎక్కుతుంది.

ఆ వేళ్ళ సంగతి తెలియకపోవడం సామెతలోని అతి పెద్ద లోపం. జనవరిలో అడవిలో నడవండి. ఆకు ఒక్కటీ ఉండదు. ఓక్ చెట్టు మొదలు మీద మణికట్టంత లావున తీగ ఒకటి పైకి పోతుంటుంది. దాని ఒళ్ళంతా ఎర్రగోధుమ రంగు నూగు వేళ్ళు, మాసిన కొబ్బరి పీచులా. అదే పాయిజన్ ఐవీ. దాని మీద చేయి ఆనించి నిలబడి ఫొటో దిగేవాళ్ళున్నారు, ఎండుతీగ కదా అని కట్టెల కోసం చెట్టుతో పాటు నరికేవాళ్ళున్నారు. ఎండినదానిలోనూ నూనె ఉంటుంది. ఆకులు రాలాక ఒక్కోసారి గుత్తులుగా తెల్లటి చిన్న కాయలు మిగిలి ఉంటాయి, అవి చూసీ గుర్తుపట్టవచ్చు. మూడాకుల సామెత మాత్రం అక్టోబరు చివరికి సెలవు తీసుకుని, మళ్ళీ ఏప్రిల్లో గానీ రాదు.

అదే కుటుంబంలో పాయిజన్ సుమాక్ అని ఒకటుంది. తూర్పు రాష్ట్రాల చిత్తడి నేలల్లో పెరుగుతుంది. దాని ఆకుకు ఏడు నుంచి పదమూడు రెబ్బలు. మూడు లెక్కపెట్టుకునేవాడికి అది నిరపాయంగా కనిపిస్తుంది. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళకు పాయిజన్ ఐవీ బదులు పాయిజన్ ఓక్ ఎదురవుతుంది. దానివీ సాధారణంగా మూడు రెబ్బలే అయినా ఒక్కోసారి అయిదూ ఉంటాయి, ఆకారం ఓక్ ఆకులా ఉంటుంది. పేర్లు వేరు, నూనె అదే రకం.

ఇక "మనకేం కాదు" అన్న మాట. మూడింటిలోకీ ప్రమాదకరమైనది ఇదే. ఇది అనుభవం నుంచి వచ్చినట్టు కనిపిస్తుంది కాబట్టి వాదించి మాన్పించడం కష్టం. "పోయినేడు ఒట్టి చేతులతో పీకాను, ఏమైంది? ఏమీ కాలేదు" అంటారు. ఏమీ కాకపోవడానికి కారణం ఉంది. ఈ నూనె ఆమ్లంలా కాల్చదు. చర్మంలోకి ఇంకి అక్కడి ప్రొటీన్లకు అతుక్కుంటుంది. అలా మారిపోయిన చర్మాన్ని రోగనిరోధక కణాలు పరాయిదిగా గుర్తుపెట్టుకుంటాయి. ఆ గుర్తుపెట్టుకోవడానికే మొదటిసారి సరిపోతుంది. అందుకే మొదటిసారి అంటుకున్నప్పుడు చాలామందికి అసలేమీ రాదు, లేదా రెండు మూడు వారాల తర్వాత వచ్చి, దేనివల్ల వచ్చిందో తెలియకుండానే పోతుంది. రెండోసారో మూడోసారో అంటుకున్నప్పుడు కణాలు సిద్ధంగా ఉంటాయి. ఒకటి రెండు రోజుల్లో ఎర్రటి గీతలు లేస్తాయి, వాటి మీద నీటి పొక్కులు వస్తాయి.

అంటే కొత్తగా ఈ దేశం వచ్చినవాడి ఒంటికి ఏమీ కాకపోవడం బలం కాదు, ఇంకా పరిచయం కాకపోవడం. పోయినేటి ఒట్టి చేతుల పని ఆయనను కాపాడలేదు, ఈ ఏటి పొక్కులకు రంగం సిద్ధం చేసింది. అమెరికాలో నూటికి 85 మంది దాకా దీనికి లోనవుతారని చర్మవైద్యులు అంచనా చెబుతారు. మనం ఆ మిగిలిన పదిహేనులో పుట్టామని అనుకోవడానికి ఆధారం ఎక్కడుంది? ఏళ్ళ తరబడి ఏమీ కానివాళ్ళకు నడివయసులో మొదలైన సందర్భాలూ ఉన్నాయి. తట్టుకునే శక్తి ఒకసారి ఉంటే జన్మంతా ఉంటుందన్న హామీ లేదు.

మామిడితోటల వాదం ఇంకా తలకిందులుగా ఉంది. మామిడి, జీడిమామిడి, నల్లజీడి, జపాన్‌లో లక్కపూతకు వాడే చెట్టు, ఈ పాయిజన్ ఐవీ, అన్నీ ఒకే వృక్ష కుటుంబం. ముచ్చిక తుంచినప్పుడు కారే సొన పెదవికి తగిలి పుండు పడటం మన ఇళ్ళలో ఎవరికి తెలియదు? జీడిపిక్కలు కాల్చుకు తినబోయి మూతి పొక్కించుకున్న పిల్లలు ఉత్తరాంధ్రలో, గోదావరి జిల్లాల్లో ఇంటికొకరు ఉంటారు. బట్టల మీద చెరగని గుర్తు పెట్టడానికి వాడిన నల్లజీడి రసం కొందరి ఒంటి మీద కూడా గుర్తు పెట్టింది. శ్రీకాకుళం జిల్లా పలాసలో జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే ఆడవాళ్ళ చేతులు చూసినవాళ్ళెవరూ మన ఒంటికి ఇదొక లెక్కా అని అనలేరు. ఏళ్ళ తరబడి అదే పని చేసిన ఆ వేళ్ళు నల్లబడి, చర్మం పొరలు లేచి, గోళ్ళ చుట్టూ పగుళ్ళు పడి ఉంటాయి. వాళ్ళు కూడా చేతికి ఏదో ఒకటి పూసుకోకుండా పనిలోకి దిగరు. అలవాటైన చేతులే అంత జాగ్రత్త పడుతుంటే, ఆఫీసు కుర్చీలో కూర్చునే మన చేతులకు ఎక్కడి ధీమా?

ఈ బంధుత్వం ఎటువైపు పనిచేస్తుందో చెప్పే సంఘటన ఒకటి రికార్డుల్లో ఉంది. 1982లో పెన్సిల్వేనియాలో పిల్లల బేస్‌బాల్ జట్ల కోసం జీడిపప్పు పొట్లాలు అమ్మారు. మొజాంబిక్ నుంచి వచ్చిన ఆ పప్పులో పిక్కపెంకు ముక్కలు కలిసి ఉన్నాయి. తిన్నవాళ్ళలో పలువురికి అచ్చం పాయిజన్ ఐవీ లాంటి దద్దుర్లే వచ్చాయి. ఒక మొక్క నూనెతో పరిచయమైన ఒళ్ళు దాని చుట్టాల నూనెకూ స్పందించగలదు. మామిడి సొన పడనివాళ్ళు ఇక్కడ మరింత జాగ్రత్తగా ఉండాలి. పాయిజన్ ఐవీ బారిన పడ్డవాళ్ళు మామిడిపండు తొక్క కొరికేముందు ఆలోచించుకోవాలి.

నాలుగు రోజుల దురద అన్న మాటకు వయసు చాలా ఎక్కువ. వర్జీనియాకు తొలి వలసవాళ్ళతో వచ్చిన కెప్టెన్ జాన్ స్మిత్ 1624లో అచ్చయిన తన చరిత్ర గ్రంథంలో ఈ మొక్క ముట్టుకుంటే ఎర్రబడటం, దురద, పొక్కులు రావటం అన్నీ రాశాడు. రాసి, అవి వాటంతటవే పోతాయనీ, మొక్కకు వచ్చిన చెడ్డపేరంత చెడ్డది కాదనీ తేల్చేశాడు. నాలుగు వందల ఏళ్ళుగా అందరూ ఆయన చివరి మాటనే పట్టుకున్నారు. నిజానికి రెండు మూడు వారాలు మామూలు. ముఖం మీద వస్తే కళ్ళు మూసుకుపోయేంత వాపు. గోకితే పుండై చీము పట్టే ప్రమాదం. రాత్రిళ్ళు పెరిగే దురద మనిషిని ఏ పనికీ పనికిరాకుండా చేస్తుంది.

వీటన్నిటికంటే ఘోరం పొగ. రాలిన ఆకులు, ఎండు కంప పోగేసి అగ్గి పెట్టడం మన పల్లెల్లో పుట్టి పెరిగినవాళ్ళకు చేతికొచ్చిన పని. ఆ పోగులో పాయిజన్ ఐవీ తీగ ఉంటే నూనె పొగలోని నుసితో కలిసి గాలిలోకి లేస్తుంది. దాన్ని పీలిస్తే చర్మం మీద వచ్చేదే గొంతులో, ఊపిరితిత్తుల్లో వస్తుంది. అడవి మంటలార్పే సిబ్బందికి ఇది తెలిసిన ప్రమాదం, అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య సంస్థ దీని మీద ప్రత్యేకంగా హెచ్చరించింది. నాలుగు రోజుల దురద అనుకునేవాడు ఎండు తీగను పొయ్యిలో పెట్టడానికి ఎందుకు వెనకాడతాడు? చిన్నచూపు ప్రాణం మీదికి తెచ్చే దారి ఇదే.

ఇంకో అపోహ ఉంది, పసిపిల్లలున్న ఇళ్ళలో మరీ ఎక్కువ. పొక్కు చితికి కారే రసి తగిలితే అంటుకుంటుందని రోగిని వేరే గదిలో పడుకోబెడతారు, తల్లి బిడ్డను ఎత్తుకోదు. ఆ రసిలో ఉరుషియాల్ ఉండదు. ఇవాళ చేతి మీద, ఎల్లుండి పొట్ట మీద వస్తుంటే పాకుతోందనిపిస్తుంది గానీ, నూనె ఎక్కువ పడ్డచోట, చర్మం పల్చగా ఉన్నచోట ముందు లేస్తుంది, తక్కిన చోట్ల ఆలస్యంగా. అలా కాకపోతే ఇంట్లో ఏదో వస్తువు మీద మిగిలిన నూనె మళ్ళీమళ్ళీ తగులుతోంది. మనిషిని వెలివేసినవాళ్ళు ఆ మనిషి బూట్లు మాత్రం కడగరు. అవి గుమ్మం దగ్గరే ఉంటాయి.

చేయాల్సింది కష్టం కాదు, ఆలస్యం చేయకపోవడమే ముఖ్యం. నూనె చర్మంలోకి ఇంకడానికి నిమిషాలు చాలు. మొక్క తగిలిందన్న అనుమానం రాగానే, దురద కోసం ఎదురుచూడకుండా, చల్లటి లేదా గోరువెచ్చటి నీళ్ళతో, గిన్నెలు తోమే సబ్బుతో కడగాలి. ఊరికే నురగ చేసి వదిలేస్తే లాభం లేదు. గ్రీజు పూసుకున్న చేయి ఎలా తోముతామో అలా గుడ్డతో రుద్ది, కడిగి, మళ్ళీ సబ్బు పెట్టి రుద్దాలి. గోళ్ళ కిందా, వేళ్ళ సందుల్లోనూ వదలకూడదు. దీనికోసం అమ్మే ఖరీదైన ద్రవాన్నీ, మెకానిక్కులు వాడే గ్రీజు సబ్బునూ, మామూలు గిన్నెల సబ్బునూ పక్కపక్కన పెట్టి పరీక్షించి 2000లో ప్రచురించిన ప్రయోగంలో వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. పసుపు ముద్ద, వేపాకు నూరి పట్టించడం మీద మనకున్న నమ్మకం నాకు తెలుసు. అవి నూనెను లాగేయవు, అవి నూరేలోపు నూనె లోపలికి పోతుంది. అమెరికన్లు నమ్మే జ్యువెల్‌వీడ్ మొక్క రసం కూడా పరీక్షల్లో సబ్బును మించలేదు. వేసుకున్న బట్టలు విడిగా, వేడినీళ్ళతో, ఎక్కువ డిటర్జెంటుతో ఉతకాలి. కత్తెరలు, పారలు రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడవాలి. కుక్కకు తొడుగులు వేసుకుని స్నానం చేయించాలి.

మొక్కను పీకేటప్పుడు పల్చటి రబ్బరు తొడుగులు నమ్మకండి, నూనె వాటిలోంచి దిగుతుంది. మందపాటి వినైల్ తొడుగులు, పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు, సాక్సులు ఉండాలి. గడ్డి కోసే తీగ యంత్రం దాని మీద నడిపితే రసం కాళ్ళ మీదికి చిమ్ముతుంది. పీకినదాన్ని సంచిలో కట్టి పారేయండి, ఎరువు గుంటలో వేయొద్దు, కాల్చొద్దు. మన ఇంటి కంచె లోపల మాట ఇది. అడవిలో దాని కాయలు పిట్టలకు, ఆకులు జింకలకు మేత. అక్కడ దాన్ని అలా ఉండనివ్వాలి, మనమే తప్పుకుని నడవాలి.

పొక్కులు వచ్చాక ఒక్కమాట. ముఖానికో, కళ్ళ దగ్గరో, మర్మస్థానాల్లోనో వచ్చినా, ఒంటి మీద చాలా భాగంలో లేచినా, చీము, జ్వరం ఉన్నా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఊపిరాడకపోతే ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్ళండి. స్టెరాయిడ్ మాత్రలు రాసేటప్పుడు సాధారణంగా రెండు మూడు వారాలపాటు మోతాదు తగ్గిస్తూ ఇస్తారు. అయిదారు రోజుల పొట్లంతో ఆపేస్తే దద్దుర్లు తిరగబెట్టడం తరచు జరిగేదే. కాబట్టి ఎన్నాళ్ళు వాడాలో గట్టిగా అడిగి తెలుసుకోండి, తగ్గిందని మధ్యలో మానకండి.

ఇంత చెప్పడం ఎందుకు, పిల్లలకు గుర్తుండేది చిన్న సామెతే కదా అనేవాళ్ళున్నారు. అయిదేళ్ళ పిల్లవాడికి ఆ సామెత చాలు, నేనూ ఒప్పుకుంటాను. ఆ పిల్లవాడి బట్టలు ఉతికే తల్లికి, కుక్కను తోమే తండ్రికి అది చాలదు. పైగా ఈ మొక్క రోజులు ముందుకే ఉన్నాయి. డ్యూక్ విశ్వవిద్యాలయం అడవిలో గాలిలోని బొగ్గుపులుసు వాయువును పెంచి చేసిన ప్రయోగంలో పాయిజన్ ఐవీ ఎదుగుదల రెట్టింపుకు మించిందని, నూనె మరింత ఘాటైన రకంగా మారిందని 2006లో తేల్చారు. వాతావరణం ఆ దిశగానే నడుస్తోంది. మన సబ్‌డివిజన్లు అడవి అంచుల్లోకే పెరుగుతున్నాయి.

ఈ ముప్పులన్నీ మొదట తగిలేది ఊరి నుంచి వచ్చే అమ్మానాన్నలకు. విజిటర్ వీసా మీద ఆరు నెలలకని వస్తారు, ఖాళీగా కూర్చోలేరు, గోంగూర మడి చేద్దామని చీర కుచ్చిళ్ళు దోపుకుని, లుంగీ ఎగ్గట్టుకుని, ఒట్టి చేతులతో కంచె పక్క కలుపు పీకడానికి దిగుతారు. పీకింది పోగేసి అగ్గిపెట్టె అడుగుతారు. వాళ్ళకున్న విజిటర్ ఇన్సూరెన్సు ఎంతవరకు ఆదుకుంటుందో మీకు తెలుసు. కాబట్టి వాళ్ళు దిగిన మర్నాడే, ప్రయాణ బడలిక తీరగానే, పెరట్లోకి తీసుకెళ్ళి ఆ తీగను దూరం నుంచి వేలు పెట్టి చూపించండి. బయటి కుళాయి దగ్గర గిన్నెల సబ్బు సీసా ఒకటి, పాత గుడ్డ ఒకటి పెట్టి, ఎందుకు పెట్టారో చెప్పండి. అగ్గిపెట్టె మాత్రం ఇవ్వకండి.